పండుగ అయినంక

వేడి నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసుకుని, ఆశమ్మ ఇంకో చెంబుడు చన్నీళ్ళు కలిపింది. బకెట్టుకు మూత పెట్టి, దూది, గాజుగుడ్డ, ఉతికిన పాత దుప్పటి ముక్కలు సంచిలో సర్దుకుని చర్చి వెనక గేటు తీసింది. జనవరి ఆరో తారీఖు. వరండాలో క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. చిక్కడపల్లిలోని ఆ చర్చిలో ఆయా. పాలమూరు నుంచి మట్టిపనికి తీసుకొచ్చిన భర్త ఈరన్న జబ్బుచేసి పోయాక, సంఘంవాళ్ళు వెనక గది ఇచ్చారు. చదువు రాదు. ప్రార్థన చెయ్యమంటే రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. మంచాన పడ్డవాళ్ళను కడగడం మాత్రం తెలుసు. మంగళ, శుక్రవారాల్లో సంఘంవాళ్ళు బస్తీలకు వెళ్ళి బియ్యమో మందులో ఇస్తారు. ఒళ్ళు తుడిచే పని ఆమెది. పండుగ పనుల్లో పడి అదంతా ఆగిపోయి మూడు వారాలయింది.

అశోక్‌నగర్ సందులో, టీ బండి దగ్గర పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పరీక్షల పిల్లలను తప్పించుకుంటూ వెళ్ళి, రేకుల గది తలుపు నెట్టింది. ముందు వాసన ఎదురొచ్చింది.

ఉప్పలయ్య తాపీ మేస్త్రీ. రెండేళ్ళ కిందట మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. భార్య స్వర్ణ లేడీస్ హాస్టల్లో గదులు ఊడ్చి మధ్యాహ్నానికి వస్తుంది.

“ఆశక్కా, పండుగ మంచిగయిందా?” అన్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

ఆమె అతన్ని పక్కకు తిప్పి కట్టు విప్పింది. నడుము కింద, డిసెంబరులో రూపాయి బిళ్ళంత ఉన్న పుండు అరచేతంత అయింది. లోపల తెల్లగా ఎముక.

“గింతయితే కబురెందుకు చెయ్యలే?”

“స్వర్ణ చెప్తనన్నది. నేనే వద్దన్న. పండుగల మిమ్ములను పరేషాన్ చేసుడెందుకని.”

ఈ ఏడే మొదటిసారి క్యారల్స్‌కు ఆమెను కూడా రమ్మన్నారు. చేతికి గంట ఇచ్చారు. కొత్త చీర కట్టుకుని గాంధీనగర్ దాకా ఇల్లిల్లూ తిరిగింది. ఒక సాయంత్రం ఈ సందు మొదట్లోనే పాడారు. ఈ తలుపు కనిపించింది. రేపు చూద్దాంలే అనుకుని గంట ఊపింది.

ఫోను చేసింది. “బుచ్చిబాబు గారూ, బండి గావాలె. జల్ది.”

సంఘ పెద్ద బుచ్చిబాబు అంబులెన్సుతో పాటే వచ్చాడు. పుండు చూసి గోడ పట్టుకున్నాడు.

“వేరే ఎవరినైనా పంపాల్సిందమ్మా. ఎవరికీ గుర్తు రాలేదు.”

“నాకు గుర్తొచ్చింది సార్,” అంది ఆశమ్మ. “గుర్తొచ్చినా రాలే.”

హాస్టల్ నుంచి స్వర్ణ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద బండి ఆగిపోయింది. ముందూ వెనకా బస్సులు, ఆటోలు. ఉప్పలయ్య వణుకు మెల్లగా తగ్గింది.

“చలి పోయినట్టుంది,” అంది స్వర్ణ, అతని పాదాలు రుద్దుతూ.

ఆశమ్మ అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. “స్వర్ణా,” అంది. పాదాలు రుద్దుతున్న ఆమె చేతులను పట్టుకుని ఆపింది.

ఆసుపత్రివాళ్ళు చూసి, దారిలోనే ప్రాణం పోయిందని కాగితం రాసిచ్చారు. గదికి తెచ్చాక ఆశమ్మే అతనికి స్నానం చేయించింది. పుండు నిండా దూది కూరి, నొప్పి తెలిసేవాడికి కట్టినంత నెమ్మదిగా కట్టు కట్టింది.

పొద్దు వాలేసరికి ఊరికి తీసుకెళ్ళే వ్యాను వచ్చింది. ఎక్కుతూ స్వర్ణ ఆగింది.

“మంగళారం, శుక్రారం పొద్దుగాలనే మొఖం కడిగించుకునేటోడక్కా. నువ్వొస్తవని.”

అందులో నిష్ఠూరం లేదు. ఆశమ్మ వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాక వదిలింది.

గదిలోకి తిరిగొచ్చి నేల కడిగింది. ఒకసారి కడిగిన చోటే మళ్ళీ కడిగింది. తల ఎత్తితే కిటికీ గట్టు మీద, గోడల మట్టం చూసుకునే ఉప్పలయ్య రసమట్టం కనిపించింది. సిమెంటు మరకలు అలాగే ఉన్నాయి. గట్టు వాలుగా ఉన్నట్టుంది. గాజు గొట్టంలోని గాలిబుడగ నడిమి గీతలు దాటిపోయి ఒక చివర ఆగి ఉంది.