వలిసె నూనె తాగిన చక్రాలు

తలదిండుకు కూడా పట్టేసింది ఈ కంపు, నిన్న ఉతికి ఆరేసిన గలీబుకు కూడా, కాలిన కొమ్ము వాసనా మురిగిన నూనె వాసనా కలిసి, అంబలి నోట్లో పెట్టుకుంటే అంబలి కూడా రబ్బరే, దొరగారు సీమకు వెళ్లిపోతూ మిషనుకు తన చిన్న కారు వదిలిపెట్టాడు, మంచిదే, దానికి నాలుగేసి చొప్పున రెండు రకాల చక్రాలు కూడా వదిలాడు, వేసంగికి నున్నటి టైర్లవి, వానలకు పళ్లున్నవి, ఆ పళ్లున్న నాలుగూ కిందటి చలికాలం నుంచీ నా గదిలో, నా మంచం కింద, పోయేవాళ్లు నా దగ్గర వదిలేవన్నీ ఇలాంటివే, మా ఆయన బర్మాలో రంగం పోయే ఓడెక్కబోతూ ఒక చిరిగిన గొడుగు, పెద్దాడు అస్సాం తేయాకు తోటలకు పోతూ ఒక కుక్క, అది చచ్చేదాకా గుమ్మంలోనే పడుకుని దారి చూసింది, ఇప్పుడు దొరగారి చక్రాలు, ఛీ, మంచం కింద చెయ్యి పెడితే జిగురు, ఆ జిగురులో ఎలక పెంటికలు నువ్వులద్దినట్టు అతుక్కుని, గోడకు ఆనించిన దాని ఇంగ్లీషు అక్షరాలు సున్నం మీద నల్లగా తిరగబడి అచ్చుపడ్డాయి, తెలుగైతే బడి గోడ బయట కూర్చుని విని విని నాకు నేనే నేర్చుకున్నాను, తలకిందులుగా రాసినా చదువుతాను, ఇవి మాత్రం ఎప్పుడు చూసినా జెర్రులు పాకుతున్నట్టే ఉంటాయి, అటు తిరిగి పడుకోను కూడా లేను.

ఇదంతా సంఘపెద్ద సమూయేలు నిర్వాకం, బైబిల్లో సమూయేలు రాజుల నెత్తిన నూనె పోసినవాడు, ఆ పేరు పెట్టుకున్నాక దేని నెత్తిమీదో నూనె పొయ్యకపోతే తోచదు కాబోలు, జోళ్లకి రాత్తాం, డప్పుకి రాత్తాం, బండి ఇరుసుకి పోత్తాం, మరి రబ్బరుకేటి తక్కువ, అదీ తోలు నాంటిదే కదా సవరమ్మప్పా, చలికి బీటలిచ్చేత్తాది అని నాకే చెబుతూ, వలిసె గింజలు గానుగాడించిన కొత్త నూనె కుండతో తెచ్చాడు, ప్రార్థన చేశాడు, పళ్ల సందుల్లోకి వేళ్లు పెట్టి పామాడు, నెలనెలా వచ్చి మళ్లీ పామాడు, తోలు మెత్తబడుతుంది, రబ్బరు మురిగింది, కారు నడిపేది నా చిన్నకొడుకు మార్కు, వాడు వద్దనలేదు, పెద్దాయన కదమ్మా అన్నాడు, కూరలోకి చుక్క నూనె లేక నేను చింతాకు నీళ్లలో ఉడకేసుకుంటుంటే మంచం కింద చక్రాలు నూనె తాగుతున్నాయి, రాత్రంతా ఎలకలకు విందు, ఇంత రోత పనిని ఎవరూ రోత అనరే, ఆమెన్ అంటారు.

కిటికీలోంచి చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను, ముంగిట్లో కారు చక్రాలు ఊడబీకించుకుని రాళ్ల మీద నిలబడింది, ఈకలు పీకిన కోడిలా, సిగ్గులేకుండా, రాత్రి కురిసింది, అనంతగిరి మలుపుల్లో ఎర్రమట్టి సబ్బులా ఉంటుందని మార్కు నున్నటివి విప్పి అరుగుకు చేరేశాడు, పొద్దున్నే నా మంచం కింద దూరి పళ్లున్నవి బయటికి ఈడ్చాడు, ఈడుస్తుంటే గచ్చు మీద తోలు వలుస్తున్న చప్పుడు, వాటి పక్కనే దేవమణి రేకు పెట్టె, నా కూతురు పోయాక పొట్ట మీద పడుకోబెట్టుకుని పెంచిన మనవరాలు, విజయనగరంలో ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి చలికాలంలోనే పిలుపొచ్చింది, గడువు రేపటికి, పొద్దుటికి చేరకపోతే ఆ చోటు ఇంకో పిల్లకిస్తారట, నాటుబండి అందుకోలేదు, కారే దిక్కు, కారుకు చక్రాలే దిక్కు, సమూయేలు తుండుతో చేతులు తుడుచుకుంటున్నాడు, తుడుచుకో, పోదులే, ఒరే మార్కూ, పళ్లున్నయే ఎయ్యి, జిగురుంటే మంచిదే కదరా, రోడ్డుకి అంటుకుంటాది అంటాడు, ఎలకలు కొట్టేసినాయి పెద్దయ్యా, లోపల గుడ్డపోగులు అగుపిత్తన్నాయి అంటాడు మార్కు, పోనీ ఎనక రెండు పళ్లయీ ముందు రెండు నున్నయీ ఎయ్యి, ఇద్దరికీ నాయం అంటాడు సమూయేలు, ఇద్దరంటే ఎవరురా, చక్రాలా, దేవమణి పకపకా నవ్వుతుంది, అలాగైతే సగం కారు జారతాది, సగం కారు అంటుకుపోతాది, నానెప్పుడు సేరతాను తాతా, అని, ఆ నవ్వు కూడా నాకు గిట్టడం లేదు, పోయేవాళ్లకు నవ్వెలా వస్తుందో, మా ఆయనా నవ్వాడు, గొడుగు నా చేతిలో పెట్టి, తడవకే అన్నాడు.

మామ్మా, ఇలా రా, అని దేవమణి గుమ్మంలోకి వచ్చి చెయ్యి పట్టుకుంది, ఇవి నీ కాడే కదా పడున్నాయి, ఏవి ఎయ్యాలో నువ్వు సెప్పు, నువ్వు సెప్పినయే ఏత్తాం, ముసల్దానికేటి తెలుస్తాదే గుంటా, కారు పేరెత్తితేనే సవరమ్మప్పకి కడుపులో తిప్పుతాది అని సమూయేలు, తిప్పుతుంది, ఇన్ని నెలలు దీని పక్కన ఊపిరి పీల్చినదాన్ని నేను, నువ్వు కాదు, వంగి పళ్లున్న చక్రాన్ని పట్టుకున్నాను, అరచేతికి జలగలా అంటుకుంది, ఒక పన్ను పట్టుకుని లాగితే పాత బెల్లంలా సాగి ఊడి నా చేతిలోకి వచ్చింది, సమూయేలు పైకొండ వైపు చూస్తున్నాడు, అరుగు దగ్గరికి నడిచి నున్నటిదాని మీద గోరు గుచ్చాను, దిగలేదు, చుట్టూ గుచ్చి చూశాను, ఎక్కడా దిగలేదు, దీనికి ఎవరూ నూనె పుయ్యలేదు, నిన్నటిదాకా రోడ్డు మీదే తిరిగింది, రాయిలా ఉంది, ముగ్గురూ నా నోటి వైపు చూస్తున్నారు.

ఇవీ పనికిరావు అంటే చాలు, ఒక్క ముక్క, మార్కు నమ్ముతాడు, పెట్టె మళ్లీ లోపలికి వస్తుంది, రాత్రికి దేవమణి కాళ్లు నా మీద వేసుకుని పడుకుంటుంది, ఆసుపత్రివాళ్లు ఇంకో పిల్లను చూసుకుంటారు, నోరూరింది నాకు, ఛీ ఛీ, పాచిపోయిన తిండి చూసి కుక్కకు ఊరినట్టు, దేవమణి నా చెయ్యి వదలలేదు, ఆ నలుపు దాని వేళ్లకూ అంటింది, చీర కుచ్చెళ్లకు తుడిచేసుకుంది, కొత్త చీర, చూసుకోను కూడా లేదు, ఎదురుచూస్తోంది, నున్నయే ఎయ్యండి, అన్నాను, నా గొంతేనా అనిపించింది, బేగి, మల్లీ వానొచ్చీలోగా, ఆ పళ్లయి ఏస్తే సగం ఘాటీలో పేలతాయి, మార్కూ, తడిసిన మలుపు కాడల్లా దేవమణి దిగి నడవాల, నువ్వు ఒక్కడివే మెల్లిగా దింపాల, ఇనపడిందేటి, ఇనపడిందమ్మా, నడుత్తాను మామ్మా, ఒట్టు, అంటోంది దేవమణి, ఒట్లెందుకే మనకు, నడువు చాలు.

మార్కు నట్లు బిగిస్తున్నాడు, నేను గోలెం దగ్గర బూడిదతో చేతులు రుద్దుకుంటున్నాను, అరచేతి గీతల్లో నలుపు ఉండిపోయింది, ముక్కు దగ్గర పెట్టుకున్నాను, వాసనే, వట్టి వాసన, ఇంత చిన్నదా ఇది, దీనికేనా కడుపు తిప్పింది, నున్నటి చక్రాలు గట్టివి, కారు కొండ దిగుతుంది, దేవమణిని ఆసుపత్రి గుమ్మంలో దింపుతుంది, రేపు సాయంత్రానికి మార్కు అదే కారులో తిరిగొస్తాడు, చక్రాలు నాలుగూ క్షేమంగా, ఇంజను క్షేమంగా, వెనక సీటు మీద ఎవరూ ఉండరు, ఆ పిలుపు వచ్చినప్పటి నుంచీ, ఇన్ని నెలలుగా నేను రబ్బరు కంపు అంటూ వచ్చింది ఆ ఖాళీ సీటునే.