మూడో ఫోన్

డిసెంబర్ ఇరవై ఆరు, మధ్యాహ్నం రెండు దాటాక, దక్షిణ కొరియాలోని వాండో రేవులో కుమ్‌రే తన మనవరాలి ఫోన్ మోగితే ఎత్తి, రెండు మాటలు విని, పెట్టేసింది.

మనవరాలు సొన్ దాన్‌బి అప్పుడు సముద్రం మీద ఉంది. బాబాయి పడవలో ఒక మనిషి తక్కువైతే, తినే సముద్రపు నాచు కోతకు వెళ్లింది. తడుస్తుందని ఫోన్ నానమ్మ చేతికిచ్చింది. సియోల్‌లో ఒక విశ్వవిద్యాలయం జీవశాస్త్ర విభాగానికి కావలసిన గ్రేడ్లు ఆమెకు వచ్చాయి; అక్కడ అంకె ఎంత తక్కువైతే గ్రేడు అంత మంచిది. ఇంటర్వ్యూ అయింది. సీటు రాలేదు. వెయిటింగ్ జాబితాలో మొదటి పేరు ఆమెదే. ఎవరైనా సీటు వదులుకుంటే ఫోన్ చేస్తారు. మూడుసార్లు చేసినా జవాబు రాకపోతే తర్వాతి పేరుకి వెళ్తారు. ఆ రోజుతో గడువు ఆఖరు.

"చివర పదకొండు వందలు ఉన్న నంబర్ నుంచి చేస్తారు నానమ్మా. నేను వచ్చేదాకా ఉండమను" అని చెప్పి దాన్‌బి పడవెక్కింది.

వచ్చిన నంబర్ అది కాదు. మాట్లాడిన కుర్రాడు పేరు, పుట్టిన తేదీ చెప్పమన్నాడు. ఫోన్ మోసాల మీద పోలీసులు ఊళ్లో మీటింగు పెట్టినప్పుడు కుమ్‌రే ముందు వరసలో కూర్చుంది. పుట్టిన తేదీ అడిగితే పెట్టేయమని వాళ్లే చెప్పారు.

మళ్లీ మోగింది.

"అమ్మా, ప్రవేశాల కార్యాలయం నుంచి..."

"మొన్న బ్యాంకన్నావు, ఇవాళ కాలేజీనా? నువ్వు చేసే పని మీ అమ్మకి తెలుసా?"

పెట్టేసింది.

పక్కన వల బాగుచేస్తున్న పొరుగామె ఓక్‌బున్ తలెత్తింది.

"నిజంగా కాలేజీవాళ్లేమో వదినా."

"మరి నంబరెందుకు మారింది?"

"లైను ఖాళీ లేదేమో. అందరికీ ఇవాళే కదా చేసేది."

కుమ్‌రే చేతి తొడుగులు తీసేసింది. మూడోసారి మోగగానే ఎత్తి, ఓక్‌బున్‌కీ వినిపించేలా స్పీకర్ పెట్టింది.

"పెట్టేయకండమ్మా. ఇదే ఆఖరుసారి."

"అయితే చెప్పు. మీ దగ్గర చేరాలంటే పరీక్షలో ఏం రావాలి?"

"మూడు సబ్జెక్టుల గ్రేడ్లు కలిపి ఎనిమిది దాటకూడదు. అందులో ఒకటి సైన్స్ అయి తీరాలి."

"అది ఈ రేవులో పిల్లులకి కూడా తెలుసు. మా పిల్లకి ఎంతొచ్చింది?"

"అది చెప్పకూడదమ్మా. అభ్యర్థి వివరాలు ఇంకొకరికి ఇవ్వం."

కుమ్‌రే ఓక్‌బున్ వైపు చూసింది.

"దొంగైతే నోటికొచ్చిన అంకె చెప్పేవాడు" అంది ఓక్‌బున్.

"ఉండు బాబూ. పడవ కనిపిస్తోంది."

"చేరతానని ఆవిడే చెప్పాలి. ఎంతసేపు పడుతుంది?"

"భోంచేశావా?"

"ఇంకా లేదమ్మా. పొద్దుట్నుంచీ ఫోన్లే."

"పాపం. అందుకే గొంతు అలా ఉంది. నేను దొంగ గొంతనుకున్నా."

అతను నవ్వాడు. ఫోన్ పెట్టేయలేదు.

పడవ గట్టుకి తగిలింది. దాన్‌బి చేతుల నిండా నాచు. కుమ్‌రే వంగి ఫోన్‌ను ఆమె చెవికి ఆనించింది. దాన్‌బి పేరు చెప్పింది. పుట్టిన తేదీ చెప్పింది. కుమ్‌రే అడ్డుపడలేదు.

"చేరతాను" అంది దాన్‌బి.

దాన్‌బితో ఆఖరి సీటు నిండింది; సాయంత్రం విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో జీవశాస్త్ర విభాగానికి ఎదురుగా ఖాళీలు లేవని పెట్టారు.