నాలుగోసారి విప్పిన కార్బురేటరు

అయినా అడగవలసిన మాటేనా అది? టీ తాగుతున్న నలుగురి ముందు, "మాస్టారూ, పెట్రోల్లో కిరసనాయిలేమన్నా కలుపుతున్నారా?" అని. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని! అడిగిందెవరు, తొమ్మిదో తరగతిలో ముందు బెంచీలో కూర్చుని తన పాఠాలు విన్న లాల్‌సాహెబు.

"లేదు" అన్నాడు సీతారామారావు అప్పుడు. అది మూడు రోజుల కిందటి మాట. ఇప్పుడు తిరువూరు బస్టాండు వెనక, లాల్‌సాహెబు మెకానిక్ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని ఆ ప్రశ్నను మళ్లీ మళ్లీ విప్పి చూస్తున్నాడు. విప్పినప్పుడల్లా కోపం కొత్తగా వస్తోంది.

ఎదురుగా బానెట్ ఎత్తిన జీపు. ఇంటిల్లిపాదీ కలిసి తిరగొచ్చని వేలంలో కొన్న పాత సర్కారు బండి. పొద్దున స్టార్టు కాదు. విస్సన్నపేట రోడ్డు మీద ఎత్తు వస్తే ఇంజను టకటకా కొట్టుకుంటుంది. రేడియేటరు మరుగుతుంది, వెనక నల్లటి పొగ. అన్నిటికీ అతని దగ్గర దోషులున్నారు. లోపాలు దాచి వేలం వేసిన ఆఫీసు. కొలతలో మోసం చేసే బంకువాడు. మంచి పంపు తీసి పాతది బిగించిన ఈ లాల్‌సాహెబు. ఆ చివరి మాట నిన్న పైకే అనేశాడు. లాల్‌సాహెబు మాత్రం తల వంచుకుని, "చూస్తానండి" అన్నాడు.

ఎక్కడో అరబ్బులు యుద్ధం చేస్తే తిరువూరులో పెట్రోలు కొండెక్కడమేమిటి? పింఛను మీద బతికేవాడు బండి ఎలా నడపాలి? ఎవరూ చెప్పరు. చెప్పరు గనకే కదా నెలన్నరగా, ఇంట్లో భార్య మాణిక్యమ్మకు కూడా తెలియకుండా, రేషను కిరసనాయిలు తానే పోస్తున్నాడు. అది కలపడం కాదు, సర్దుకోవడం. ఇంతకంటే ఎక్కువ కలిపేవాళ్లు ఊళ్లో లేరా? వాళ్లనెవరడిగారు?

ఈ వాదం బాగానే ఉంది. కానీ లాల్‌సాహెబు పద్ధతి ఒకటి దీన్ని చెడగొడుతోంది. తను బాగుచేసిన బండి తిరిగొస్తే, అది బాగయ్యేదాకా అతను ఇంకో బండి మీద చెయ్యి వెయ్యడు. మూడు రోజులుగా వీరరాఘవయ్య ట్రాక్టరు షెడ్డు పక్కనే పడి ఉంది. వినగడప నుంచి పొద్దున్నే వచ్చిన వీరరాఘవయ్య దాని చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా సాహెబూ, మాస్టారి దగ్గర మళ్లీ ట్యూషన్ పెట్టించుకున్నావా? ఎన్నాళ్లు నేర్చుకుంటావ్?"

"ఇవాళ తేల్చేస్తానండి, వీరరాఘవయ్యగారూ."

"తేలకపోతే విస్సన్నపేట మేస్త్రీ దగ్గరికి లాక్కెళ్తా. లాల్‌సాహెబుకు పని రాదు, ఎవరూ పోవద్దని దారిలో అందరికీ చెప్పి మరీ వెళ్తా."

లాల్‌సాహెబు పానా అందుకున్నాడు. జీపు కిందకి వంగి, పెట్రోలు గొట్టం ఊడదీసి, వేలు తడి చేసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు. తర్వాత వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఏంట్రా, ఏమంటోంది?" సీతారామారావు గొంతు తాననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

"వాసన తగుల్తానే ఉందండి మాస్టారూ. కానీ మీరు లేదన్నాక లేదు. నా ముక్కే చెడినట్టుంది. మళ్లీ కార్బురేటరు విప్పుతా."

ఎగతాళేమోనని సీతారామారావు ఆ మొహంలో వెతికాడు. లేదు. కాస్తంత ఉన్నా బాగుండేది. గట్టిగా కేకలేసి ఇంటికి పోయేవాడు. వీడు ఎందుకు నమ్మాలి? చేతికి తగిలే నిజాన్ని వదిలి, ఎప్పుడో పాఠాలు చెప్పినవాడి ఒక్క మాట పట్టుకుని, తనకే పని రాదని ఒప్పుకునేదాకా ఎందుకు పోవాలి? ఇంత నమ్మమని ఎవరడిగారు వీణ్ణి? కోపం ఒళ్లంతా తిరిగింది. వెళ్లి ఎవరి మీద పడాలో దానికి తెలియలేదు.

లాల్‌సాహెబు కార్బురేటరు విప్పి బయటికి తీశాడు. నాలుగోసారి. అతని చేతులు ఎప్పటికంటే నెమ్మదిగా కదులుతున్నాయి. తన చేతుల మీద తనకే అనుమానం వచ్చినవాడిలా.

"నే పోతున్నానయ్యోయ్" అన్నాడు వీరరాఘవయ్య.

సీతారామారావు లేచాడు. లాల్‌సాహెబు చేతిలోని కార్బురేటరు తీసుకుని బల్ల మీద పెట్టాడు. వీరరాఘవయ్య వైపు తిరిగి, క్లాసులో చివరి బెంచీకి వినపడేటంత గట్టిగా అన్నాడు:

"కిరసనాయిలు కలిపింది నేను."