హీలో చేరని గవ్వల దండ

"మాట చివరి అచ్చును మింగొద్దు. మహాలో. మళ్ళీ అను" అంది నోయెలాని ఆంటీ.

"మహాలో" అన్నాడు ముస్తాక్. హవాయి వాళ్ళు కృతజ్ఞత చెప్పే మాట అది.

పొదిలి బళ్ళో గుణింతాలు వల్లించిన నోరు. దీర్ఘం దీర్ఘంగానే పలకడం అతనికి కొత్త కాదు. మాట మధ్యలో గొంతు తటాలున ఆగే చోట మాత్రం ఆమె రెండు మూడుసార్లు చెప్పించేది.

సిడ్నీకి చాలా దూరాన, మాసన్ లేక్స్‌లో అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. ఆమె ఇంటి వెనక గదుల్లో ముస్తాక్, కార్తీక్ అద్దెకుంటున్నారు. ఆమెది హవాయి దీవుల్లోని హీలో. ఇక్కడి నావికుణ్ణి చేసుకుని వచ్చింది, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. వీధిలో చిన్నపిల్లలు కూడా ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ముస్తాక్ వచ్చిన రోజే ఆంటీ అన్నాడు. ఆ మాట ఆమె ఇంకోసారి అనిపించుకుంది. వాళ్ళ దీవుల్లోనూ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారట.

వైటూకే కంప్యూటర్ పని మీద కంపెనీ అతన్ని హొనొలులు పంపుతుందని తెలిశాక పాఠాలు మొదలయ్యాయి. ఒకరోజు ఆమె చిన్న గవ్వల దండ చూపించింది.

"హీలోలో మా అక్కకు చూపు లేదు. దీన్ని పోస్టులో పంపకూడదు, చేత్తో మెడలో వెయ్యాలి. నన్ను డాక్టరు విమానం ఎక్కనివ్వడు. ఒక ఆదివారం వెళ్ళి వేస్తావా?"

"తప్పకుండా ఆంటీ."

పెద్దవాళ్ళు అడిగితే కాదనడం అతనికి ఎన్నడూ చేతకాలేదు.

ఆ తర్వాత సిడ్నీ నుంచి ఒక కంపెనీ పిలిచింది. పర్మనెంటు ఉద్యోగం. ముస్తాక్ ఒప్పుకున్నాడు. హొనొలులుకు ఇంకెవరినో వేశారు. అయినా సాయంత్రమయ్యేసరికి పోయి పాఠానికి కూర్చుంటూనే ఉన్నాడు.

"ఏంది సామీ, సిడ్నీ పొయ్యేవాడికి హవాయి ట్యూషన్ ఎందుకు?" అన్నాడు కార్తీక్, అన్నం తింటూ. "అక్కడ బస్ డ్రైవర్‌కి అలోహా చెప్తావా?"

"చెప్తాలే ఆంటీకి."

"ఎప్పుడు, ఫ్లైట్ ఎక్కినాకనా? ఆమె సిస్టర్‌కి ఫోన్ చేసి చెప్పేసింది, నేను విన్నా. నీకోసం ఫిష్ తెప్పించి పెడతదంట."

ముస్తాక్ కంచంలో చెయ్యి ఆపాడు. మళ్ళీ ముద్ద ఎత్తలేదు.

శనివారం పొద్దున ఏమీ తినకుండానే ఆంటీ వంటింట్లోకి వెళ్ళాడు. దండను కొత్త దూదిలో పెట్టి, బిస్కెట్ల డబ్బాలో సర్దుతోంది. దారి చెప్పేటప్పుడు కొండ వైపైతే మౌక, సముద్రం వైపైతే మకై అనాలని నేర్పింది.

"నువ్వు ఆంటీ అన్నావు గనక అడిగాను. ఆ పిలుపుతో కులెయానా వస్తుంది మాకు. బాధ్యతా అదే, హక్కూ అదే."

చిల్లర కొట్టు ఆమెను, బస్టాపులో ఆమెను, ఎవరిని పడితే వాళ్ళను అతను ఆంటీ అంటూనే పెరిగాడు. ఆ పిలుపు ఎవరైనా దాచుకుంటారని అనుకోలేదు.

"ఆంటీ, పొరపాటున ఎవరి కాలైనా తొక్కితే ఏమనాలి?"

"ఎ కల మై."

అతను అన్నాడు. తల దించుకుని మరోసారి అన్నాడు.

"నేను హొనొలులు వెళ్ళడం లేదు. సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ వాళ్ళు మార్చలేదు, నేనే ఒప్పుకున్నా. తెలిసీ రోజూ వచ్చి కూర్చున్నా."

ఆమె డబ్బాకు మూత పెట్టింది. మూత సరిగ్గా పట్టలేదు. తీసి మళ్ళీ పెట్టింది.

"మాట చివర తొందరపడ్డావు" అంది. గోడనున్న ఫోన్ దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పింది. హీలోలో ఇంకా శుక్రవారం మధ్యాహ్నమే. రిసీవరు అతని చేతికిచ్చింది. "నాకు కాదు. మా అక్కకు చెప్పు."

ముస్తాక్ చెప్పాడు. రాలేనని చెప్పి, ఆ క్షమాపణ మాట తొందరపడకుండా పలికాడు.

"చెల్లెలు బాగా నేర్పింది" అంది అవతలి ముసలి గొంతు. "తిన్నావా బాబూ?"

"తిన్నా ఆంటీ" అన్నాడు.

వెనక నోయెలాని ఆంటీ డబ్బాను పై అరలో పెడుతోంది.