అయిదింతల ఎత్తు

మా పనిలో అబద్ధం ఒక పద్ధతి. గ్రహాల, వాటి చందమామల నేలల్ని ప్లాస్టరుతో నమూనాలుగా పోసి మ్యూజియంలకు పంపుతాం. ఉన్న ఎత్తు ఉన్నట్టు పోస్తే అంగారకుడి మీది అతి పెద్ద అగ్నిపర్వతం కూడా బోర్లించిన పళ్ళెంలా కనిపిస్తుంది. చూడవచ్చినవాళ్ళు పెదవి విరిచి వెళ్ళిపోతారు. అందుకని ఎత్తును అయిదింతలు చేస్తాం. ఆ సంగతి కింద ఓ మూల చిన్న అక్షరాల్లో రాసి పెడతాం. దాన్ని చదివిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అన్నయ్య నా పనిని తెగ వెక్కిరించేవాడు. ఆయన పరిశోధనంతా నేల జారడం గురించే. మన చంద్రుడి మీద గాలీ వానా లేవు కాబట్టి ఎప్పుడో తగిలిన దెబ్బ కూడా చెక్కుచెదరకుండా ఉంటుందని, గురుగ్రహపు చందమామ ఒకటి లోపలి వేడికి లావా కక్కుతూ ముఖం మార్చుకుంటూనే ఉంటుందని, అంగారకుడి లోయల్లో గోడలు కూలి మట్టి మైళ్ళకొద్దీ పారిందని భోజనాల దగ్గర కూడా అదే గోల. ఆ మట్టి అంత దూరం ఎలా పారిందో తెలుసుకోవాలని, ఇక్కడే నేల మెల్లగా కదులుతున్న ఒక చోటికి కొలతలకు వెళ్ళాడు. ఆ రోజు నేలంతా ఒక్కసారిగా జారింది. అన్నయ్య తిరిగి రాలేదు.

అన్నయ్య ఆఫీసు వాళ్ళు ఆయన జ్ఞాపకార్థం ఆ చోటు నమూనాను తమ హాల్లో పెట్టించారు. మా కార్ఖానా పెద్ద మేస్త్రి పోశాడు, అలవాటు కొద్దీ అయిదింతల ఎత్తున. వదిన దాని ముందు చాలాసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. దుఃఖమనుకున్నాం.

కోపమని ఈ ఏడే తెలిసింది. వాళ్ళ అమ్మాయి, మేమంతా పిడుగు అని పిలిచేది, తండ్రి ఆఫీసులోనే చేరి, అలాంటి నేలల మీద కొలతలు తీసే జట్టుతో వెళ్తానంది. వదిన ససేమిరా అంది. పిల్ల బతిమాలింది, అలిగింది, నన్ను మధ్యవర్తిగా తెచ్చింది. చివరికి వదిన లోపలున్నది కక్కేసింది.

"హాల్లో ఆ నమూనాలో కొండ అంచు నేను చూశాను. బుద్ధున్నవాడు నిలబడే చోటేనా అది? మేం గుర్తుంటే ఎక్కేవాడా?"

పిడుగూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. మాకు రోజూ చేతిలో మెలిగే ఆ అయిదింతల లెక్క ఆవిడకు తెలియదన్న ఆలోచనే మాకెన్నడూ రాలేదు. పిల్ల ముఖం వెలిగిపోయింది. నాన్న మీద నింద పోతుంది, తన దారీ తెరుచుకుంటుంది. కార్ఖానాకు వచ్చి, ఆ చోటునే అసలు ఎత్తులో తన చేతులతో పోసింది. నేనూ హుషారుగా వత్తాసు పలికాను.

ఆదివారం వదినను పిలిచాం. బల్ల మీదున్న తెల్లటి పలకను చూసి, ఇంకా పని మొదలుపెట్టలేదా అని అడిగింది.

"అయిపోయిందమ్మా. నాన్న పోయిన చోటు అసలు ఇంతే. హాల్లో ఉన్నది, కనబడాలని ఎత్తు పెంచి చేసింది."

వదిన దాని మీద అరచేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నిమిరింది. మళ్ళీ నిమిరింది. మన వీధి కూడా ఇంతకంటే వాలుగా ఉంటుంది కదా అంది. అవునని, నాన్న తెగించి ఎక్కడికీ ఎక్కలేదని, జాగ్రత్తగానే ఉన్నాడని పిడుగు గబగబా చెప్పింది.

మరి ఎందుకు జారిందని వదిన నన్నడిగింది. అడుగున బంకమట్టి నీరు పట్టేస్తే వాలు తక్కువైనా జారుతుందని, పైకి ఏమీ తెలియదని చెప్పాను. ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకుంటూ బతికాను. తిడుతుంటే ఎదురుగా ఉన్నట్టుండేది."

మంచి చేస్తున్నామనుకుని ఆవిడకు మిగిలిన ఆ కాస్త తోడునూ తీసేశాం.

వదిన కూతురి వైపు తిరిగింది.

"కొండలెక్కకుండా ఆపితే చాలు, నువ్వు నాకు దక్కుతావనుకున్నానే. ఇలాంటి నేల మీద కూడా మనిషి పోతాడని నువ్వే చూపించావు. ఇంక నిన్ను ఎక్కడికి వెళ్ళొద్దననూ?"

వెళ్ళడానికి అడ్డు తొలగిపోయింది. పిడుగు మాత్రం తల్లి ఒళ్ళో ముఖం దాచుకుని, తండ్రి పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.