ఓస్మో తుపాకీకి ఆరు గుల్లలు

ప్రెస్సు పిడి కిందికి దించుతూ ఔలిస్ ఊపిరి బిగబట్టాడు. ఉక్కు మొన ఖాళీ తూటా ఇత్తడి గుల్ల మూతిలోకి దిగింది. సగం దాకా మెత్తగా పోయి, అక్కడ టిక్కుమంది. గోరు విరిగితే వచ్చేంత చప్పుడు. గుల్లను దీపం కింద పెట్టి చూశాడు. మూతి నుంచి, గుల్ల సన్నబడే భుజం దాకా వెంట్రుకంత చీలిక.

"నువ్వూ అంతేనా," అన్నాడు దానితో.

దాన్ని డబ్బాలో పడేశాడు. అందులో ఇప్పటికే రెండు డజన్లున్నాయి. బల్ల మీద చెక్క దిమ్మె రంధ్రాల్లో ఆరంటే ఆరే మిగిలాయి. శనివారం పొద్దున ఆరున్నర, బయట ఇంకా చీకటే. తొమ్మిదింటికి దుప్పుల వేట మొదలు.

నలభై ఏళ్ళు కోత మిల్లులో రంపాలకు పదును పెట్టినవాడు ఔలిస్. రంపం బాగా కోస్తే రంపానికి పేరు, కోయకపోతే ఔలిస్‌కు తిట్లు. ఆయన దాన్ని అన్యాయం అనుకోలేదు. తిట్లు లేని రోజే ఆయనకు మెప్పు.

మిల్లులో పక్క బల్ల ఓస్మోది. అతను ఏప్రిల్‌లో పోయాడు. అతని తుపాకీకి తూటాలు చేయడం ఫ్యాక్టరీ ఎప్పుడో మానేసింది. కూతురు హిల్కా ఆగస్టులో వేట పరీక్ష పాసైంది. తండ్రి దాచుకున్న చివరి నాలుగు తూటాలు దానికే అయిపోయాయి. వేట జట్టు పెద్ద కౌకో తేల్చి చెప్పేశాడు: శనివారానికి తూటాలుంటే వాగు దగ్గర ఓస్మో కాపు కాసిన మాటు ఆమెది, లేకపోతే తన బావమరిదిది. ఒకసారి చేతులు మారిన మాటు వెనక్కి రాదని ఆ అడవిలో అందరికీ తెలుసు.

పాత సైన్యపు తూటా గుల్ల, ఓస్మో తుపాకీ గుల్ల ఒకే ఒళ్ళు. మూతి మాత్రం ఇంకో అర మిల్లీమీటరుకు పైగా వెడల్పవ్వాలి. కానీ చాలాసార్లు పేలిన ఇత్తడి బిరుసెక్కి ఉంటుంది. సాగదీసేముందు మూతిని మంటలో మెత్తబరచాలి. మొదటి డజను ఆ పని చేయకుండా తొందరపడ్డాడు, చీలాయి. రెండో డజను మంటలో పెట్టాడు. గుల్ల అడుగును వేళ్ళతో పట్టుకుని తిప్పాలి, వేలు ఓర్చుకోలేనప్పుడు నీళ్ళలో వదలాలి. అదీ పద్ధతి. కానీ నలభై ఏళ్ళు ఆకురాయి పట్టిన ఆయన వేళ్ళు గిట్టల్లా ఉన్నాయి. వేడి అడుగు దాకా పాకిపోయినా తెలియలేదు. అడుగు మెత్తబడ్డ గుల్ల పేల్చినవాళ్ళ మొహాన చిట్లుతుంది. అన్నిటినీ పారేశాడు. ఇందాకటిదాన్ని ఆ భయంతో మరీ తొందరగా నీళ్ళలో వదిలేశాడు, అదీ చీలింది.

తలుపు తోసుకుని హిల్కా వచ్చింది. నారింజ రంగు కోటు, చంకలో కాఫీ ఫ్లాస్కు.

"ఎన్నయ్యాయి బాబాయ్?"

"ఒక్కటీ లేదు."

"అయ్యో! మరి నిన్నటినుంచీ ఏం చేశావు?"

"పాడుచేశాను. చాలా శ్రద్ధగా."

ఆమె స్టూలు మీద కూలబడింది. ఔలిస్ ఆమె చేతుల వంక చూశాడు. ఊళ్ళో గ్రంథాలయం నడిపే మనిషి, రోజంతా కాగితాలు తిప్పే వేళ్ళు.

"ఏదీ, చెయ్యి చూపించు. అబ్బ, ఇంత మెత్తటి వేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయా!"

"ఎగతాళి చేస్తున్నావా?"

"లేదమ్మాయ్. అవి నాకు కావాలి."

దీపం తగ్గించాడు, మంట రంగు తెలియాలని. ఆమె గుల్ల అడుగు పట్టుకుని మంటలో తిప్పింది. మూతి చుట్టూ నీలం పాకింది.

"అమ్మో, కాలింది!"

"వదిలెయ్!"

చుయ్యిమంది. ఒకటి. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అరిచింది. ఆరోదానికి ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుతున్నారు.

ఔలిస్ గొర్రె ఉన్ని జిడ్డు రాసి మొదటిది ప్రెస్సులో పెట్టాడు. పిడి దించాడు. మొన వెన్నలోకి దిగినట్టు దిగింది. చప్పుడు లేదు. దీపం పెంచి, తిప్పి తిప్పి చూశాడు. చీలిక లేదు.

"వచ్చింది," అన్నాడు మెల్లగా.

"వచ్చిందా?" ఆమె లేచి నిలబడింది. "నిజంగానా?"

రెండోది వచ్చింది. మూడు, నాలుగు. ఐదోది చీలింది. ఆరోదాని పిడి దించుతున్నప్పుడు ఎడమ చెయ్యి బరువెక్కింది. నిన్నటినుంచీ అంతే, మూట మోస్తున్నట్టు. ఆగి, ఊపిరి తీసుకుని, దించాడు. వచ్చింది.

ఓస్మో నోటుపుస్తకంలో రాసుకున్నంతే తుపాకీ మందు, రెండుసార్లు తూచి పోసి, పైన గుండ్లు బిగించాడు. వెలుగు రాగానే ఇసుక గుంతలో ఒకటి పేల్చి చూశారు. తగలాల్సిన చోటే తగిలింది. బయటికి వచ్చిన గుల్ల భుజం కాస్త ఉబ్బి, కొత్త అంచు తేలింది.

"చూశావా, మొదటి దెబ్బతోనే మీ నాన్న తుపాకీ కొలతకి వస్తుంది. అప్పటిదాకా పరాయిదే." దాన్ని దిమ్మెలో నిలబెట్టాడు. "మిగతావి పేలిస్తే నాచులో పారెయ్యకు. తెచ్చి ఇవ్వు, చూడాలి."

"తెస్తాను బాబాయ్."

నాలుగు తూటాలతో ఆమె పరుగెత్తింది.

మోకాళ్ళు మొరాయించాక ఔలిస్ వేటకు పోవడం లేదు. బల్ల ముందు వాకీటాకీ పెట్టుకుని కూర్చున్నాడు. అక్టోబరు ఎండ కిటికీలోంచి వచ్చి ఒళ్ళో పడింది, పిలవకుండా వచ్చిన పిల్లిలా. అది చాలు అనిపించింది ఆయనకు.

పదిన్నరకు కౌకో గొంతు: "కుక్క మొరుగుతోంది. పెద్ద మగ దుప్పి, కొమ్ములున్నాయి. కదలట్లేదు."

ఔలిస్ ముందుకు వంగాడు.

"కదిలింది! చిత్తడి దాటేస్తోంది... వాగు వైపు... హిల్కా, నీ దగ్గరికే!"

తరువాత ఏమీ లేదు. వాకీటాకీని చెవికి ఆనించుకున్నాడు.

ఢాం!

ఆ మోత చెరువు మీదుగా వచ్చి కిటికీ అద్దాన్ని తాకింది. రెండోది కోసం చెవులు రిక్కించాడు. రాలేదు. రాకూడదు కూడా, వస్తే మొదటిది గురి తప్పినట్టే.

"పడింది!" కౌకో అరుస్తున్నాడు. "ఒక్క దెబ్బకే! వింటున్నావా ఔలిసూ? నీ అతుకుల తూటా పేలిందయ్యా! మా బావమరిది సూపు కుండ కాస్తాడులే, మాటు పిల్లదే!"

ఔలిస్ బటన్ నొక్కాడు. "విన్నాను."

ఇంకేదో అనాలనుకున్నాడు. ఎండ వెచ్చగా ఉంది. చెయ్యి బరువు కూడా దిగిపోయినట్టుంది. వెనక్కి వాలాడు.

రెండింటికి హిల్కా తలుపు తోసుకుని వచ్చింది, బుగ్గలు ఎర్రగా, చేతిలో వేడి సూపు గిన్నె. "బాబాయ్! ఎంత దగ్గరికి వచ్చిందో తెలుసా..."

ఎండ ఆయన ఒళ్ళోంచి జరిగి నేల మీదికి పోయింది. వాకీటాకీలో ఎవరో ఇంకా నవ్వుతున్నారు. ఆమె గిన్నె కింద పెట్టి, చల్లబడిన ఆయన చేతిని తాకి, చాలాసేపు అలాగే పట్టుకుంది.

తరువాత జేబులోంచి గుల్ల తీసి, చెక్క దిమ్మెలో మొదటిదాని పక్కన నిలబెట్టింది. మూతి చుట్టూ ఆమె వేళ్ళు ఓర్చుకున్నంత నీలం, భుజాన ఆ తుపాకీ కొలత, లోపల ఇంకా మందు వాసన.