ఐదో నట్టు

చక్రాల కుర్చీ కింద నాలుగు కొక్కేలు. వ్యాను వెనక తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని హొనమి ఒక్కొక్కదాన్నీ లాగి చూస్తోంది. లాగడం, వేలు పెట్టి చూపించడం, పైకి చెప్పడం. రోజూ చేసే పనే.

"ముందు కుడి, సరే. ముందు ఎడమ, సరే. వెనక కుడి, సరే. వెనక ఎడమ..."

వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏమే, కట్టడం మర్చిపోయావా? దొర్లుకుంటూ పొమ్మంటావా నన్ను?" అంది కుర్చీలోంచి తోమి మామ్మ. తొంభై ఒక్కేళ్లు. కాళ్లు పోయినా నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"లేదు మామ్మా. వెనక ఎడమ, సరే."

సరే అని అంది గానీ, మనసు ఇంకో చక్రం మీదికి పోయింది. నిన్న తమ పాత కారు లెగసీకి టైర్లు మార్చింది. ఆఖర్న వెనక ఎడమ చక్రం. నట్లు చేత్తో తిప్పింది, జాకీ దింపింది. ఆ తర్వాత, బిగువు చాలాక టిక్కుమనే పెద్ద పానా పెట్టి, ఆ చప్పుడు వచ్చేదాకా బిగించిందా? చెవిలో ఆ టిక్కు లేదు. తన నోరు "ఐదు" అన్న గుర్తు అసలే లేదు. ఆ కారేమో ఈపాటికి మొగుడు షుంపెయ్‌తో సహా కొండ కనుమ ఎక్కుతూ ఉంటుంది.

ఇద్దరు మనుషులకి నాలుగు కార్లు. వీధిలో వాళ్లకి ఇదో కాలక్షేపం. "మీ ఇద్దరికీ కలిపి కాళ్లు నాలుగే కదా, చక్రాలు పదహారెందుకమ్మా?" అని చెత్త పడేసేచోట ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నాలుగింట్లో రెండు బతకడానికి, రెండు మురిపానికి. హొనమి పనికి వెళ్లే వ్యాగన్ఆర్, షుంపెయ్ సామాను మోసే పాత లెగసీ బతకడానికి. బురద కనపడితే ఒళ్లు తెలియని షుంపెయ్ జిమ్నీ, రెండే సీట్లున్న ఎర్ర రోడ్‌స్టర్ మురిపానికి. ఆ ఎర్రది మొగుడిదే అనుకుంటారు చూసినవాళ్లంతా. కాదు, అది హొనమిది. పద్దెనిమిదేళ్లకే కిమోనోల అద్దకం మిల్లులో చేరి, మూడేళ్లు రంగునీళ్లలో చేతులు నానబెట్టి, తనకంటే రెండేళ్లు పెద్దదైన ఆ కారు కొనుక్కుంది. మిల్లు మూతపడింది, కారు మిగిలింది. దానికి టైర్లు వేయించుకోబోయిన చోటే షుంపెయ్ తగిలాడు. "మా కోడలు కార్లకి దుప్పట్లు కప్పుతుంది గానీ ఉయ్యాల కట్టే ఊసెత్తదు" అంటుంది అత్తగారు నవ్వుతూ. నవ్వుతూ అన్నంత మాత్రాన గుచ్చుకోకుండా ఉంటుందా ఏమిటి!

బండి కదలకముందే షుంపెయ్‌కి ఫోను చేసింది. కలవలేదు. 'వెనక ఎడమ చక్రం నట్లు చూడు. కారు ఆపి చూడు' అని రాసి పంపింది. చదివిన గుర్తు రాలేదు. రోడ్డు నడుమ నీళ్లు చిమ్మి మంచు కరిగించే గొట్టాలుంటాయే, వాటిని చలికాలం ముందు బాగుచేసే పని అతనిది. కొండల్లో ఫోను అందదు, అందినా చేతులు మోచేతులదాకా గుంటలో ఉంటే ఎక్కడ తీస్తాడు? రోజూ కంపెనీ లారీలోనే పోతాడు. ఇవాళ కనుమ అవతల పనిబడి, సామాను పెట్టెలు వేసుకుని నేరుగా లెగసీలో పోయాడు. పోక పోక ఇవాళే పోవాలా!

"మొహం అలా పాలిపోయిందేం?" అడిగింది ముందు సీట్లోంచి ఇగరషి అక్క. ముసలివాళ్లని పొద్దున తీసుకెళ్లి సాయంత్రం ఇళ్లకి దింపే పగటి ఆశ్రమంలో నర్సు, హొనమి నడిపే వ్యానులో తోడు.

"ఏం లేదక్కా."

చెప్పలేకపోయింది. చెబితే నవ్వుతుంది, లేకపోతే భయపడుతుంది. రెండూ తట్టుకునే ఓపిక లేదు. అసలే హొనమికి భయం పుట్టుకతో వచ్చిన జబ్బు. తండ్రి మంచు తోసే బండి నడిపేవాడు, తెల్లవారకముందే పోయేవాడు. దుప్పట్లో చెవులు రిక్కించుకుని, ఆ ఇంజను చప్పుడు తిరిగొచ్చేదాకా కన్ను మూసేది కాదు. ఆయన ఏ రోజూ ఆపద తెచ్చుకోలేదు, పక్షవాతంతో మంచంలో పోయాడు. అయినా ఆ అలవాటు పోలేదు. గ్యాసు మూడుసార్లు చూసుకుంటుంది, తలుపు గడియ రెండుసార్లు. ఇన్ని చూసుకునే మనిషి నిన్న ఒక్కటి చూసుకోలేదు.

నిన్న ఏం జరిగిందంటే, కార్లుండే రేకుల కొట్టం పక్కింటి కుమకి తాతది. ఎనభై నాలుగేళ్ల ఒంటి మనిషి. నలభై ఏళ్లు పెట్రోలు బంకులో టైర్లు మార్చాడు. ఆయన చెయ్యి పడని బండి ఊళ్లో లేదు, ఆయన పేరు తెలిసినవాళ్లు మాత్రం పదిమంది ఉండరు. కొట్టానికి అద్దె వద్దన్నాడు. "మంచు పడ్డప్పుడు నా ఇంటి కప్పు కాస్త శుభ్రం చేసిపెట్టు, అది చాలు" అన్నాడు. నవంబరులో మామూలు టైర్లు తీసి, మంచులో జారని టైర్లు వేసే రోజున బీరు పెట్టె బోర్లించుకుని పక్కనే కూర్చుంటాడు. ఎర్ర కారు చలికాలమంతా దుప్పటి కింద పడుకునేదే కాబట్టి, మార్చాల్సినవి మూడు కార్లకి పన్నెండు చక్రాలు. హొనమి నట్టు బిగించి అంకె చెప్పాలి. అప్పుడు ఆయన నట్టు మీంచి చక్రం మీదికి పసుపు సుద్దతో ఒక గీత గీస్తాడు. నట్టు వదులైతే గీత విరిగి కనపడుతుంది. ఆ సుద్ద ఆయన చెవి మీదే ఉంటుంది, ఇంకొకరి చేతికివ్వడు.

"పైకి అను అమ్మాయ్. నాకు వినపడాలి."

"మూడు!"

"ఆఁ, అదీ."

షుంపెయ్ నిన్న ఊరి అగ్నిమాపక దళం కవాతుకి పోయాడు. పదకొండు చక్రాలయ్యాయి. పన్నెండోదానికి జాకీ దింపేసరికి తాత చేతిలో సుద్ద జారిపోయింది. మొహం బూడిద రంగయింది. హొనమి పానా అక్కడే వదిలి, భుజం పట్టుకుని ఇంట్లోకి నడిపించి, పొయ్యి వెలిగించి టీ పెట్టిచ్చింది.

"ఆసుపత్రికి పోదాం తాతా."

"ఎనభై నాలుగేళ్లొచ్చాయి, అలసట రాకేం చేస్తుంది? దాని కోసం డాక్టరా? వెళ్లు, వెళ్లు." ఆమె లేవబోతుంటే మళ్లీ పిలిచాడు. "వెనక ఎడమది... ఐదూ అన్నావా?"

"ఆ, అన్నాను. మీరు పడుకోండి."

ఒంట్లో బాగాలేనివాళ్లు ఏదడిగినా ఆ అనేస్తాం చూడండి, ఆ 'ఆ' అది. అబద్ధం అనుకుని కూడా అనలేదు. బయటికొచ్చేసరికి మంచువాన మొదలైంది. చేతులు కొంకర్లు పోతుంటే సామాన్లన్నీ పనిముట్ల పెట్టెలో సర్దేసి, కొట్టం తలుపు దించి ఇంటికి పరిగెత్తింది. పానా పెట్టెలో పెట్టడం మాత్రం బాగా గుర్తు. అంతకుముందు దాన్ని వాడిందా లేదా అన్నదే గుర్తు రావడం లేదు.

దారిలో మూడో ఇల్లు కుమకి తాతది. రోజూ టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడి, "అర నిమిషం ఆలస్యం" అంటూ వ్యానెక్కేవాడు. ఆయన్ని అడిగితే తేలిపోతుందని హొనమి ఆశ. వ్యాను మలుపు తిరుగుతుండగా ఇగరషి అక్క ఫోను మోగింది.

"కుమకి గారిని ఆసుపత్రికి తీసుకెళ్లారట," అంది ఫోను పెట్టేసి. "ఎనిమిదింటికి తనే అంబులెన్సుకి చేశాడట. గుండె. మాట్లాడుతున్నాడట్లే. ఇంట్లో పొయ్యి ఆర్పానో లేదో చూడమన్నాట్ట, ఒక్క క్షణం ఆపు."

హొనమి వ్యాను పక్కకి ఆపింది. తను ఏడున్నరకే, ఇంటి ముందున్న వ్యాగన్ఆర్ తీసుకుని, కొట్టం వైపు పోకుండానే పనికి బయల్దేరింది. వెళ్లేటప్పుడు ఒక్కసారి తలుపు తట్టి పలకరించి ఉంటే! ఇగరషి అక్క ఇంట్లోకి పోగానే, తను కొట్టంలోకి పరిగెత్తింది. లెగసీ ఉండే చోటు ఖాళీ. పక్కనే దుప్పటి కింద రోడ్‌స్టర్. బీరు పెట్టె నడిమధ్యకి జరిగి ఉంది. దాని మీద పానా.

పెట్టెలో పెట్టాననుకున్న పానా బయటుంది. అంటే తన గుర్తంతా తప్పే. సర్దలేదు, బిగించలేదు, ఏదీ చేయలేదు. ఆ ఐదు నట్లూ వేళ్ల బిగువు మీదే కనుమ ఎక్కుతున్నాయి. ఇగరషి అక్క హారను కొడితే గానీ కదలలేదు.

ఆశ్రమంలో పొద్దంతా చేతులు పని చేశాయి, మనసు కనుమ మలుపుల్లోనే తిరిగింది. మిసో సూపు పోస్తూ ఒకరి చేతిమీద ఒలకబోసింది. పదకొండింటికి కిటికీ అవతల తొలి మంచు మొదలైంది. ముసలివాళ్లంతా అద్దాల దగ్గర చేరి మురిసిపోయారు. హొనమి మాత్రం సామాన్ల గదిలో దూరి షుంపెయ్ ఆఫీసుకి ఫోను చేసింది.

"ఏంటమ్మా, మీ ఆయన అన్నం డబ్బా మర్చిపోయాడా?" నవ్వాడు అక్కడి గుమాస్తా. "లేక అయిదో కారు కొంటున్నారా?"

సిగ్గుపడే సమయం దాటిపోయింది. "కారు చక్రం నట్లు నేను బిగించలేదండీ. వెనక ఎడమది. నా తప్పే. కదిలే ముందు చూసుకోమని చెప్పండి. దయచేసి."

అవతల నవ్వు టక్కున ఆగింది. "చెబుతాను. వెంటనే చెబుతాను."

రెండున్నరకి ఆ గుమాస్తానే తిరిగి ఫోను చేశాడు. అక్కడ సిగ్నలు లేదట. మనిషిని పంపితే, షుంపెయ్ పని ముగించుకుని అప్పటికే బయల్దేరాడట. మంచు పెరగకముందే ఇల్లు చేరదామని.

ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు కదా, దిగేటప్పుడూ కాదు అని ఒకసారి అనుకుంది. ఎక్కేటప్పుడే కదా వదులయ్యేది, ఊడేది దిగేటప్పుడే అని వెంటనే అనుకుంది. సాయంత్రం అందర్నీ ఇళ్లకు దింపుతూ ఒక్కో కొక్కేన్నీ రెండేసిసార్లు లాగి చూసింది. దిగబోతూ తోమి మామ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొద్దుట్నించి చూస్తున్నా. ఎవరికోసమే ఆ దిగులు?"

"మా ఆయన కోసం మామ్మా."

"వస్తాడులే. ఎక్కడికి పోతాడు?" అని, కాసేపు చెయ్యి వదల్లేదు.

నాలుగున్నరకి హొనమి కొట్టం ముందు నిలబడింది. మంచు చెప్పులు దాటి చీలమండల దాకా వచ్చింది. ఇంటి ముందు నుంచి పోతున్న ప్రతి చప్పుడూ వింది. పాలబండి. ఎవరిదో చిన్న లారీ. ఆ తర్వాత, మలుపు అవతల, గుడగుడమని గొంతు బొంగురుపోయిన ఇంజను. పుట్టినప్పట్నుంచి ఇంజన్లు వినే చెవులు, పొరబడవు. లెగసీ.

నాలుగు చక్రాలతోనే వచ్చింది. షుంపెయ్ అద్దం దించి, "ఇప్పుడే సందేశాలన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి, ఏమైందే?" అంటున్నాడు. హొనమి అతని వైపు చూడనైనా లేదు. వెనక ఎడమ చక్రం ముందు మంచులో మోకాళ్లేసుకుని, చేతి తొడుగుతో బురద తుడిచింది.

ఐదు నట్లు. ఐదింటి మీదా పసుపు గీతలు. ఒక్కటీ విరగలేదు.

మిగతా మూడు చక్రాల మీద గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఇక్కడివి మాత్రం వంకర్లు పోయి, మధ్యలో తెగి, మళ్లీ కలిశాయి. ఐదోది రెండుసార్లు గీసి ఉంది. హొనమి లోపలికి పోయి పానా తెచ్చి ఒక్కొక్కటే పట్టి చూసింది. టిక్కు. టిక్కు. ఐదుసార్లూ టిక్కే.

"పొద్దున బయల్దేరేసరికి తాత ఇక్కడే ఉన్నాడు," అన్నాడు షుంపెయ్, ఆమె పక్కన చతికిలబడి. "ఇంకా చీకటిగానే ఉంది. దూది కోటు వేసుకుని, ఆ పెట్టె మీద కూర్చుని, ఒళ్లో పానా పెట్టుకుని రొప్పుతున్నాడు. ఏంటి తాతా ఇంత పొద్దున్నే అంటే, నిద్ర పట్టక వచ్చానన్నాడు. నీ పెళ్లాం పని శుభ్రంగా చేసింది, నిశ్చింతగా పోయి రా అన్నాడు."

హొనమి చేతిలో పానా బరువెక్కింది. ఆయనకి వినపడలేదు. ఐదు అన్నానని తను చెప్పినా, ఆయన చెవులకి అది వినపడలేదు. అందుకని ఆ గుండెతో, ఆ చలిలో, తన కంటే ముందు లేచి వచ్చాడు. తనను మొగుడి ముందు చిన్నబుచ్చకుండా, ఒక్క మాట కూడా అనకుండా.

"నేను చంపేశానేమో ఆయన్ని," అంది. అని, ఆ మాటకి తనే భయపడి, "ఆసుపత్రిలో ఉన్నాడు. పద, ఇప్పుడే పోదాం. ఎర్ర కారు తీద్దాం, మేలో పైకప్పు తీసి తాతని వాళ్లావిడ సమాధి దగ్గరికి తీసుకెళ్తే టోపీ పట్టుకుని దారంతా ఎంత నవ్వాడో..." అంటూ లేచింది. మంచులో ఆ కారు అడుగు కదలదని ఆమెకి తెలుసు. షుంపెయ్‌కీ తెలుసు. అయినా అతను కాదనలేదు.

జేబులో ఫోను మోగింది. ఇగరషి అక్క.

"హొనమీ, రేపు..." అని ఆగింది. ముక్కు చీదిన చప్పుడు. "రేపు మూడో ఇంటి దగ్గర ఆగక్కర్లేదు."

"అలాగే అక్కా," అంది హొనమి.

ఇద్దరూ కొట్టం గుమ్మంలోకి జరిగారు. ఆమె ఏడ్చింది, చంటిపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. షుంపెయ్ ఆమె తల మీది మంచు దులుపుతూనే ఉన్నాడు. తర్వాత, మంచు మరీ పెరుగుతోందని, కారు లోపల పెట్టడానికి తాళం తీశాడు.

"వద్దు. ఇవాళ్టికి బయటే ఉండనీ," అంది హొనమి.

లెగసీ నిలబడే చోట, పొద్దున కంగారులో ఆమె కంటపడనిది, వెనక ఎడమ చక్రం ఉండే జాగాకి జానెడు ఇవతల, బొటనవేలంత పసుపు సుద్దముక్క నేల మీద పడి ఉంది.